మీ ప్రశ్న - మా జవాబు: సమానమైన బడి వేరుగా ఉంటే తప్పేమిటి?

అమెరికా ప్రభుత్వ పాఠశాలల్లో నల్లజాతి పిల్లలను, తెల్లజాతి పిల్లలను వేరుచేసి చదివించడం రాజ్యాంగ విరుద్ధమని అక్కడి సుప్రీంకోర్టు 1954 మే 17న తీర్పు ఇచ్చింది. ‘బ్రౌన్ వర్సెస్ బోర్డ్ ఆఫ్ ఎడ్యుకేషన్’ అనే ఆ తీర్పును గత సంచికలో వేరే సందర్భంలో నాలుగు వాక్యాల్లో ప్రస్తావించాం. ఆ నాలుగు వాక్యాలకు ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. అందువల్ల ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాం. ఒకే సందేహాన్ని పలువురు అడిగిన చోట ఒక ఉత్తరాన్ని మాత్రమే తీసుకున్నాం.

ప్రశ్న: బ్రౌన్ దావా పుట్టిన కాన్సాస్ రాష్ట్రంలోని టొపీకా పట్టణంలో నల్లపిల్లల బడీ తెల్లపిల్లల బడీ దాదాపు ఒకే స్థాయిలో ఉండేవని చదివాను. భవనాలు బాగున్నాయి, ఉపాధ్యాయులు అర్హులే, పాఠాలూ అవే. నష్టం కంటికి కనిపించని చోట దావా ఎలా నెగ్గింది? పైగా కింది కోర్టులో ఓడిపోయారు కదా?
- న్యాయశాస్త్ర విద్యార్థిని, గుంటూరు

జవాబు: భవనాలు సమానంగా ఉండటం ఆ దావాకు అడ్డంకి కాలేదు, నిజానికి దాని విలువంతా అందులోనే ఉంది. ఎందుకో తెలియాలంటే 1896కు వెళ్లాలి. రైలు పెట్టెలను రంగును బట్టి వేరుచేసిన లూసియానా రాష్ట్ర చట్టాన్ని సవాలు చేయడానికి హోమర్ ప్లెసీ అనే ఆయన 1892లో కావాలనే తెల్లవారి పెట్టెలో కూర్చుని అరెస్టయ్యారు. ఆ కేసులో సుప్రీంకోర్టు ఏడుగురు ఒకవైపు, ఒక్కరు ఒకవైపుగా చీలి, వసతులు సమానంగా ఉంటే వేరుగా ఉంచడం తప్పు కాదని తేల్చింది. వేరుచేయడంలో తమకు అవమానం ఉందని నల్లజాతివారు భావిస్తే, ఆ అర్థం వారు కల్పించుకున్నదే తప్ప చట్టంలో లేదని కూడా రాసింది. విభేదించిన ఒకే ఒక్క న్యాయమూర్తి జాన్ మార్షల్ హార్లన్. తమ రాజ్యాంగానికి రంగు కనిపించదని, ఈ దేశంలో కులం లేదని ఆయన తన అసమ్మతి తీర్పులో రాశారు. ఆయన వాడిన మాట అచ్చంగా ‘క్యాస్ట్’. ఆ మాట బరువు మన పాఠకులకు వివరించనవసరం లేదు.

ఆ తీర్పు తర్వాత యాభై ఎనిమిదేళ్లపాటు ఇటువంటి ప్రతి దావా తక్కెడ ముందు నిలబడవలసి వచ్చింది. ఈ బడికి పైకప్పు ఉందా, ఆ బడిలో ఎన్ని బల్లలు, ఏ బడికి ఎన్ని పుస్తకాలు అన్న లెక్కలే వాదనలయ్యాయి. హోవర్డ్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం నేర్పిన చార్లెస్ హ్యామిల్టన్ హ్యూస్టన్, ఆయన శిష్యుడు థర్‌గుడ్ మార్షల్ ఆ తక్కెడనే ఆయుధంగా చేసుకున్నారు. వారు ముందుగా ఉన్నత విద్య మీదికి వెళ్లారు. ప్రతి రాష్ట్రమూ ఒకరిద్దరు విద్యార్థుల కోసం వేరే న్యాయ కళాశాల కట్టలేదు, కట్టినా అది పాతదానికి సాటి రాదు. ఉత్తరాలు పంచే ఉద్యోగి హేమన్ స్వెట్ కోసం టెక్సాస్ హడావిడిగా ఒక న్యాయ కళాశాలను పుట్టించినప్పుడు, అధ్యాపకుల పేరు ప్రతిష్ఠలు, పూర్వ విద్యార్థుల పలుకుబడి వంటివి కొలతకు అందవని 1950లో సుప్రీంకోర్టు అంగీకరించింది. అదే రోజు వచ్చిన మెక్‌లారిన్ తీర్పు ఇంకా ముఖ్యమైనది. ఓక్లహోమాలో జార్జ్ మెక్‌లారిన్‌కు అదే విశ్వవిద్యాలయంలో, అదే అధ్యాపకుల దగ్గర ప్రవేశం ఇచ్చారు. కాని తరగతి గదిని ఆనుకున్న చిన్న చావడిలో, గ్రంథాలయంలో వేరే బల్ల దగ్గర, క్యాంటీన్‌లో వేరే సమయంలో కూర్చోబెట్టారు. ఇక్కడ తూచడానికి ఏమీ మిగల్లేదు; మిగిలింది గీత ఒక్కటే. ఆ గీత కూడా చెల్లదని కోర్టు చెప్పింది.

మిగిలిన పని చిన్నపిల్లల బడులకు ఇదే తర్కాన్ని తీసుకురావడం. దక్షిణ కరోలినాలోని క్లారెండన్ కౌంటీలో 1949-50లో తెల్లపిల్లకు 179 డాలర్లు, నల్లపిల్లకు 43 డాలర్లు ఖర్చు చేసేవారు. అక్కడి దావా విచారణకు వచ్చిన రోజునే రాష్ట్రం తరఫు న్యాయవాది లేచి, తేడా ఉన్నమాట నిజమే, సరిదిద్దుకోవడానికి గడువు ఇవ్వండని అడిగారు. ఆ ఒక్క కేసే సుప్రీంకోర్టు ముందు ఉంటే, బడులు బాగుచేయండని చెప్పి ధర్మాసనం లేచిపోవడానికి వీలుండేది. టొపీకాలో బాగుచేయడానికి ఏమీ లేదు. అందువల్ల అసలు ప్రశ్నను తప్పించుకునే దారి కూడా లేకపోయింది.

కింది కోర్టులో ఓడిపోయారన్నది నిజమే, కాని ఆ ఓటమిని కొంచెం జాగ్రత్తగా చదవాలి. 1896 తీర్పుకు కట్టుబడి దావా కొట్టేసిన ఆ ముగ్గురు న్యాయమూర్తులే, చట్టం అండతో వేరుచేయడం నల్లపిల్లల మనసులో తాము తక్కువవారమన్న భావన నాటుతుందనీ, చదువుకోవాలన్న ఆసక్తిని దెబ్బతీస్తుందనీ తమ నిర్ధారణల్లో రాసిపెట్టారు. ప్రధాన న్యాయమూర్తి ఎర్ల్ వారెన్ మూడేళ్ల తర్వాత ఆ వాక్యాలనే ఎత్తి చూపి, వేరుచేసిన విద్యాసదుపాయాలు స్వభావరీత్యానే అసమానమని ప్రకటించారు. న్యాయశాస్త్రం చదువుతున్నవారు ఓడిపోయిన తీర్పుల్లోని వాస్తవ నిర్ధారణలను వదిలిపెట్టకూడదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

కెన్నెత్, మేమీ క్లార్క్ దంపతుల బొమ్మల ప్రయోగం గురించి కూడా మీరు వినే ఉంటారు. ఏ బొమ్మ మంచిదని అడిగితే నల్లపిల్లల్లో ఎక్కువమంది తెల్లబొమ్మను చూపారన్న ఆ అధ్యయనం తీర్పులో పదకొండవ పాదసూచికలో చేరింది. తీర్పును గెలిపించింది ఆ బొమ్మలేనని తరచూ చెబుతుంటారు, అది అతిశయోక్తి. నా అభిప్రాయంలో ఆ పాదసూచిక తీర్పుకు బలం కంటే బలహీనతే ఎక్కువ తెచ్చింది. హక్కును మనస్తత్వ పరిశోధన మీద నిలబెడితే రేపు ఇంకో పరిశోధన దాన్ని కదిలించవచ్చు. పిల్లలు బాధపడినా, పడకపోయినా ప్రభుత్వం గీత గీయకూడదన్న హార్లన్ మాట మీదే నేరుగా నిలబడి ఉంటే బాగుండేది.

ప్రశ్న: దక్షిణ రాష్ట్రాల్లో అంత ఘోరంగా ఉంటే, దక్షిణాదిది కాని కాన్సాస్ కేసు పేరు తీర్పుకు ఎందుకు పెట్టారు? ఆ దావా వేసిన తల్లిదండ్రులు ఎవరు, తర్వాత వారి పరిస్థితి ఏమైంది?
- విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, కరీంనగర్

జవాబు: కాన్సాస్, దక్షిణ కరోలినా, వర్జీనియా, డెలవేర్ రాష్ట్రాల కేసులతో పాటు రాజధాని వాషింగ్టన్ కేసును కూడా కోర్టు కలిపి విన్నది. ఇది దక్షిణాదివారి మీద మోపిన నేరారోపణలా కనిపించకూడదన్న ఉద్దేశంతోనే కాన్సాస్ కేసును ముందు పెట్టామని న్యాయమూర్తి టామ్ క్లార్క్ తర్వాత చెప్పారు. వాషింగ్టన్ కేసుకు మాత్రం అదే రోజు వేరే తీర్పు ఇవ్వవలసి వచ్చింది. సమాన రక్షణను హామీ ఇచ్చే రాజ్యాంగ 14వ సవరణ రాష్ట్రాలను ఉద్దేశించినది, రాజధాని రాష్ట్రం కాదు. అందుకని అక్కడ, న్యాయమైన చట్టప్రక్రియ (‘డ్యూ ప్రాసెస్’) లేకుండా ఎవరి స్వేచ్ఛనూ హరించరాదనే 5వ సవరణను ఆశ్రయించారు.

దావా వేసినవారి విషయానికి వస్తే, ఆలివర్ బ్రౌన్ శాంటా ఫే రైల్వేలో వెల్డర్, చర్చిలో సహాయ పాస్టర్. ఇంటికి ఏడు వీధుల దూరంలో సమ్నర్ బడి ఉండగా, ఆయన కూతురు లిండా రైలు పట్టాల యార్డు పక్కగా నడిచి, బస్సెక్కి, మైలు దూరంలోని మన్రో బడికి వెళ్లవలసి వచ్చేది. ఆయనతో కలిపి టొపీకాలో పదమూడు మంది తల్లిదండ్రులు 1951లో సంతకం చేశారు.

అయితే అసలు మూల్యం చెల్లించినవారు క్లారెండన్ కౌంటీవారు. అక్కడ గొడవ మొదలైంది ఒక బస్సు కోసం. తెల్లపిల్లలకు ముప్ఫై బస్సులుండగా నల్లపిల్లలకు ఒక్కటీ లేదు. పాస్టర్ జోసెఫ్ డిలేన్ ప్రోత్సాహంతో ఊరివారు అర్జీ పెట్టారు. సంతకాల్లో ముందున్న హ్యారీ బ్రిగ్స్ పెట్రోలు బంకు ఉద్యోగం పోయింది, ఆయన భార్య ఎలైజా మోటల్‌లో చేస్తున్న పని పోయింది, డిలేన్ ఇల్లు తగలబడింది. అర్జీ మీద సంతకం పెట్టినందుకు అప్పు పుట్టకపోవడం, కౌలు పోవడం, కూలి దొరకకపోవడం అంటే ఏమిటో మన పల్లెల్లో తెలియనివారు లేరు. ఆ కేసులో వేరుచేయడమే అసమానత అని అసమ్మతి తీర్పు రాసిన తెల్లజాతి న్యాయమూర్తి వేటీస్ వేరింగ్‌ను సొంత ఊరు చార్లెస్టన్ వెలివేసింది.

వర్జీనియా కేసును మొదలుపెట్టింది పెద్దలు కాదు. 180 మంది కోసం కట్టిన మోటన్ హైస్కూల్లో 450 మందికి పైగా చదువుతుంటే, అదనపు గదులంటూ తారు కాగితం చుట్టిన పాకలు వేశారు. 1951 ఏప్రిల్ 23న పదహారేళ్ల బార్బరా జాన్స్ విద్యార్థులను సమావేశపరిచి సమ్మె చేయించింది. ఆ పిల్లలు అడిగింది కొత్త భవనం మాత్రమే. భవనం కోసమైతే రాము, వేర్వేరు బడుల పద్ధతినే ఎత్తివేయమని అడిగితే కేసు తీసుకుంటామని న్యాయవాదులు ఆలివర్ హిల్, స్పాట్స్‌వుడ్ రాబిన్సన్ షరతు పెట్టారు. పిల్లలూ తల్లిదండ్రులూ ఒప్పుకున్నారు. ప్రధానోపాధ్యాయులుగా పనిచేసిన మీరు ఆ పాఠశాల ప్రధానోపాధ్యాయుడి స్థానంలో ఉంటే ఏమి చేసేవారో అని నాకు ఉత్తరం చదువుతున్నప్పుడు అనిపించింది.

ప్రశ్న: అమెరికా పత్రికల్లో ఈ తీర్పును ‘హైకోర్టు రూలింగ్’ అని రాస్తారు. ఇది హైకోర్టు తీర్పా, సుప్రీంకోర్టు తీర్పా?
- పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: సుప్రీంకోర్టుదే. అక్కడి విలేకరులు దేశంలోని అత్యున్నత న్యాయస్థానాన్ని ఆ మాటతో పిలుస్తారు. మన హైకోర్టుకు దానితో సంబంధం లేదు. కాన్సాస్ కేసు ముగ్గురు ఫెడరల్ న్యాయమూర్తుల కోర్టు నుంచి నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లింది.

ప్రశ్న: మా పిల్లలు ఇక్కడ అందరితో కలిసి చదువుతున్నారు. 1954కు ముందు మనవాళ్లు ఉండి ఉంటే మన పిల్లలను ఏ బడికి పంపేవారు?
- తెలుగు గృహిణి, డాలస్

జవాబు: దేశమంతటా ఒకే నియమం లేదు, రాష్ట్రాన్ని బట్టి, ఊరిని బట్టి మారేది. అయితే సుప్రీంకోర్టు ధోరణి ఏమిటో చెప్పే రెండు తీర్పులున్నాయి. భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ సిక్కు పౌరసత్వం కోసం వెళితే, పౌరసత్వ చట్టం చెప్పే ‘తెల్లవారి’లో భారతీయులు చేరరని 1923లో తేల్చారు. మిసిసిపీలోని రోజ్‌డేల్‌లో కిరాణా వ్యాపారి కూతురు, చైనా సంతతికి చెందిన మార్తా లమ్‌ను తెల్లపిల్లల బడి నుంచి పంపేస్తే, ఆమెను ‘రంగువారి’ బడికి పంపడం రాష్ట్రం ఇష్టమేనని 1927లో ఏకగ్రీవంగా చెప్పారు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మీ ప్రశ్నకు జవాబు ఊహించవచ్చు. రాజ్యాంగానికి రంగు కనిపించదన్న హార్లన్ కూడా అదే అసమ్మతి తీర్పులో చైనావారి గురించి చిన్నచూపుతో రాశారు. గొప్ప వాక్యం రాసినవారి చూపంతా గొప్పదై ఉండాలని లేదు. కాలిఫోర్నియాలో ఆసియా పిల్లలకు వేరే బడులు పెట్టడానికి వీలు కల్పించిన నిబంధనలను 1947లో రద్దుచేసిన చట్టం మీద సంతకం పెట్టిన గవర్నర్, తర్వాత బ్రౌన్ తీర్పు చదివిన ఎర్ల్ వారెనే. 1942లో జపాన్ సంతతివారిని శిబిరాలకు తరలించడాన్ని సమర్థించిందీ ఆయనే.

ఇంకొక మాట. 1946 చట్టం ప్రకారం భారతీయులకు ఏడాదికి వంద మందికే అనుమతి. ఆ తలుపు వెడల్పుగా తెరుచుకున్నది 1965 వలస చట్టంతో. పుట్టిన దేశాన్ని బట్టి కోటాలు పెట్టే పద్ధతిని ఎత్తివేసిన ఆ చట్టం, 1964 పౌరహక్కుల చట్టం వచ్చిన మరుసటి ఏడాదే, అదే వాతావరణంలో వచ్చింది. తెలుగు వైద్యులు, ఇంజినీర్లు పెద్ద సంఖ్యలో అక్కడికి చేరింది ఆ తర్వాతే.

ప్రశ్న: 1954లో తీర్పు వస్తే, సైన్యం కాపలాతో పిల్లలు బడికి వెళ్లిన ఫొటోలు 1957 నాటివి. అంటే తీర్పు అమలు కాలేదా?
- ప్రభుత్వ ఉపాధ్యాయుడు, అనంతపురం

జవాబు: చాలాకాలం కాలేదు. 1954 తీర్పు హక్కును ప్రకటించి, ఎలా అమలు చేయాలన్నది వాయిదా వేసింది. 1955 మే 31న వచ్చిన రెండో తీర్పు ‘ఆలోచనతో కూడిన వేగంతో’ అమలు చేయమని చెప్పింది. 1954లో తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఒకే మాట మీద నిలవడం కోసం చెల్లించిన ధర అదని చరిత్రకారులు అంటారు. మొదటిసారి వాదనలు విన్న ప్రధాన న్యాయమూర్తి ఫ్రెడ్ విన్సన్ 1953 సెప్టెంబరులో హఠాత్తుగా మరణించకపోతే, ఆ స్థానంలోకి వారెన్ రాకపోతే ఏకగ్రీవం సాధ్యమయ్యేదా అన్నది అనుమానమే కనుక, ఆ వాదనను పూర్తిగా కొట్టిపారేయలేం. అయినా గడువు తేదీ లేని ఉత్తర్వును మన ఆఫీసుల్లో ఏమి చేస్తారో మీకు తెలుసు. అక్కడా అదే చేశారు. ఆలోచనను పట్టుకుని వేగాన్ని వదిలేశారు.

1956 మార్చిలో దక్షిణాదికి చెందిన 101 మంది కాంగ్రెస్ సభ్యులు తీర్పును ఖండిస్తూ ప్రకటన మీద సంతకాలు చేశారు. 1957లో లిటిల్ రాక్‌లో తొమ్మిదిమంది నల్లజాతి విద్యార్థులను అడ్డుకోవడానికి అర్కాన్సా గవర్నర్ ఫాబస్ రాష్ట్ర బలగాలను దించితే, అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ 101వ ఎయిర్‌బోర్న్ దళాన్ని పంపవలసి వచ్చింది. మీరు చూసిన ఫొటోలు అవే. బార్బరా జాన్స్ ఊరున్న ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ ఇంకా ముందుకు వెళ్లి, కలిపి చదివించడం కంటే అసలు చదివించకపోవడమే మేలనుకుని 1959లో ప్రభుత్వ బడులన్నింటినీ మూసేసింది. తెల్లపిల్లల కోసం ప్రైవేటు బడి వెలిసింది. 1964లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకునే దాకా, అంటే ఐదేళ్లపాటు, నల్లపిల్లల్లో చాలామంది బడి ముఖం చూడలేదు.

ఆ ఏడాదికి దక్షిణ రాష్ట్రాల్లో తెల్లపిల్లలతో కలిసి చదువుతున్న నల్లపిల్లలు నూటికి ఒకరిద్దరే. పదేళ్ల కోర్టు ఉత్తర్వులు కదపలేనిదాన్ని డబ్బు కదిపింది. వివక్ష చూపే సంస్థలకు ఫెడరల్ నిధులు ఆపవచ్చని 1964 పౌరహక్కుల చట్టం చెప్పింది, 1965లో వచ్చిన విద్యాచట్టం ఆ నిధులను భారీగా పెంచింది. పోగొట్టుకోవడానికి ఏదైనా ఉంటేనే కదా భయం. ఆ తర్వాత కోర్టు కూడా గొంతు పెంచింది. వర్జీనియాలోని న్యూ కెంట్ కౌంటీలో ఉన్నవి రెండే బడులు. ఎవరికి నచ్చిన బడి వారు ఎంచుకోవచ్చన్నారు. మూడేళ్లలో ఒక్క తెల్లపిల్ల కూడా నల్లపిల్లల బడిని ఎంచుకోలేదు, నల్లపిల్లల్లో నూటికి 85 మంది ఉన్నచోటే ఉన్నారు. ఇటువంటి ‘స్వేచ్ఛ’ చాలదని, ద్వంద్వ వ్యవస్థను వేళ్లతో సహా పెకలించాలని 1968లో తీర్పు వచ్చింది. పిల్లలను బస్సుల్లో ఇతర ప్రాంతాల బడులకు పంపడాన్ని 1971లో సమర్థించారు.

ఈ కథలో ఎవరూ పెద్దగా చెప్పని నష్టం ఒకటుంది. బడులు కలిసినప్పుడు మూతపడినవి ఎక్కువగా నల్లపిల్లల బడులే. వాటితోపాటు వేలాదిమంది నల్లజాతి ఉపాధ్యాయులు, ప్రధానోపాధ్యాయులు ఉద్యోగాలు కోల్పోయారు. పిల్లలను కలపమన్నారు కాని గురువులను కలపమని ఎవరూ అడగలేదు.

వెనకడుగు 1974లో పడింది. డెట్రాయిట్ నగరాన్ని, చుట్టూ ఉన్న 53 శివారు జిల్లాలను కలిపి పిల్లలను పంచాలన్న పథకాన్ని సుప్రీంకోర్టు న్యాయమూర్తుల్లో ఐదుగురు వద్దన్నారు, నలుగురు కావాలన్నారు. తెల్లజాతి కుటుంబాలు శివార్లకు తరలిపోయాక నగరంలో కలపడానికి ఎవరు మిగులుతారు? అప్పటికి న్యాయమూర్తిగా ఉన్న థర్‌గుడ్ మార్షల్ ఆ రోజు అసమ్మతి తీర్పు రాశారు. జిల్లా సరిహద్దు అన్న గీత రంగు గీత పనే చేస్తుందని గుర్తించకపోవడం ఆ మెజారిటీ తీర్పులోని లోపమని నేను అనుకుంటాను.

ప్రశ్న: మన రాజ్యాంగంలో దీనికి సాటివచ్చే నిబంధన ఏది?
- పోటీ పరీక్షల అభ్యర్థి, హైదరాబాద్

జవాబు: ప్రభుత్వం నడిపే లేదా ప్రభుత్వ సాయం పొందే విద్యాసంస్థలో మతం, జాతి, కులం, భాష కారణంగా మాత్రమే ఎవరికీ ప్రవేశం నిరాకరించరాదని 29(2) అధికరణ 1950 నుంచీ చెబుతోంది. వివక్షను నిషేధించే 15, అంటరానితనాన్ని రద్దుచేసిన 17 అధికరణలను కూడా కలిపి చదవండి. అక్కడ వ్యాఖ్యానంతో సాధించినది ఇక్కడ రాతలోనే ఉంది. తేడా మరొకటుంది. కులాలవారీగా సీట్లు పంచిన మద్రాసు ప్రభుత్వ ఉత్తర్వును, అప్పటికి మన కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆ రాష్ట్రంలోనే ఉన్నాయి, 1951లో చంపకం దొరైరాజన్ కేసులో మన సుప్రీంకోర్టు కొట్టేస్తే, పార్లమెంటు వెంటనే 15(4)ను చేర్చి వెనుకబడిన వర్గాలకు ప్రత్యేక ఏర్పాట్లకు దారి తెరిచింది. అమెరికాలో అటువంటి సవరణ లేదు. అందుకే 2007లో సియాటిల్, లూయివిల్ పట్టణాలు బడుల్లో పిల్లలు కలిసి ఉండేలా రంగును లెక్కలోకి తీసుకుంటే, బ్రౌన్ తీర్పును ఉటంకిస్తూనే కోర్టు ఐదు-నాలుగు తేడాతో వద్దంది.

పరీక్షకు పనికిరాకపోయినా ఒక ముచ్చట. మన రాజ్యాంగ సలహాదారు బి.ఎన్. రావు 1947లో అమెరికా వెళ్లినప్పుడు, ‘డ్యూ ప్రాసెస్’ అన్న మాట మీకు వద్దని సలహా ఇచ్చిన న్యాయమూర్తి ఫెలిక్స్ ఫ్రాంక్‌ఫర్టర్. ఏడేళ్ల తర్వాత వాషింగ్టన్ పిల్లల కేసును గెలిపించింది సరిగ్గా ఆ మాటే. తీర్పు ఇచ్చిన తొమ్మిదిమందిలో ఫ్రాంక్‌ఫర్టర్ ఒకరు.

ప్రశ్న: చివరికి లిండా బ్రౌన్ ఇంటి దగ్గరి సమ్నర్ బడిలో చదువుకుందా?
- ఎనిమిదో తరగతి విద్యార్థిని, శ్రీకాకుళం

జవాబు: లేదమ్మా. తీర్పు వచ్చేసరికి ఆమె ప్రాథమిక బడి దాటిపోయింది. టొపీకాలో ఆ పైతరగతులు తీర్పుకు ముందే అందరికీ కలిపి ఉండేవి, ఆమె అక్కడ చేరింది. 1979లో, తన పిల్లలు చదువుతున్న రోజుల్లో, ఊళ్లో బడులు ఇంకా సరిగా కలవలేదంటూ అదే కేసును తిరిగి తెరిపించినవారిలో ఆమె కూడా ఉన్నారు. అది ముగియడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది. ఆమె 2018లో మరణించారు. ఆమె చదువుకున్న మన్రో బడి ఇప్పుడు మ్యూజియం, మీరెప్పుడైనా టొపీకా వెళితే లోపలికి వెళ్లి చూడవచ్చు.